గాలివానలో పులి: ఒక పెయింటింగ్‌ను నిదానంగా చూడటం ఎలా

బొమ్మ ముందు నిలబడగానే చాలామందికి వచ్చే మొదటి ప్రశ్న "ఇందులో అర్థం ఏముంది?" అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే రెండు నిమిషాల్లో చూడటం అయిపోతుంది. అర్థం తడితే "సరే, తెలిసింది" అని పక్క బొమ్మకు పోతాం. తట్టకపోతే "మనకు తెలిసే విషయం కాదులే" అని పక్క బొమ్మకు పోతాం. ఎలా చూసినా ఎదురుగా ఉన్న బొమ్మను మాత్రం చూడలేదు.

గాలివానలో ఉన్న అడవి జంతువు బొమ్మ దొరికితే ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: గాలి ఎటు నుంచి వీస్తోంది? దీనికి ఏ చదువూ అక్కర్లేదు. జవాబు బొమ్మలోనే ఉంటుంది, వెతకాలంతే. అలా వెతుకుతూ పోతే చెట్లు, ఆకులు, చినుకులు, జంతువు వెంట్రుకలు అన్నీ ఒక్కొక్కటే కంటబడతాయి. కథ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఈ పద్ధతినంతా ఒకే బొమ్మ మీద చూపిస్తాను. ఆన్రీ రూసో 1891లో వేసిన తైలవర్ణ చిత్రం, ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. పేరు 'సర్‌ప్రైజ్డ్!'. 'టైగర్ ఇన్ ఎ ట్రాపికల్ స్టార్మ్' అని కూడా అంటారు. (తత్వవేత్త రూసో వేరు, ఈయన వేరు.) గ్యాలరీ వెబ్‌సైట్‌లో ఈ బొమ్మను పెద్దది చేసుకుని చూసే వీలుంది. దాన్ని తెరిచి పక్కన పెట్టుకుని చదివితే ఈ వ్యాసం ఉపయోగపడుతుంది. ఊరికే చదువుకుంటూ పోతే పెద్దగా ఉపయోగం లేదు.

చిత్రకారుడి గురించి ఇప్పుడే ఏమీ వెతకకండి. ఆ వివరాలు చివర్లో నేనే చెబుతాను. ముందే తెలిస్తే కళ్లు వాటిని నిజం చేసే పనిలో పడతాయి.

మొదటి మెట్టు: కొలత, దూరం, టైమ్

ఈ కాన్వాస్ ఎత్తు 129.8 సెంటీమీటర్లు, వెడల్పు 161.9 సెంటీమీటర్లు. అంటే పెద్దవాళ్లు రెండు చేతులూ బారచాపినంత వెడల్పు. ఫోన్‌లో చూసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. అరచేతిలో ఇమిడే పులికీ, మీ ఛాతీ ఎత్తున పళ్లు బయటపెట్టి ఉన్న పులికీ చాలా తేడా ఉంది. వీలుంటే గోడ మీద అదే కొలతలో దారంతోనో టేపుతోనో ఒక చట్రం గుర్తుపెట్టి, అందులో ఆ బొమ్మ ఉన్నట్టు ఊహించుకోండి. కొంచెం పిచ్చిపనిలా అనిపించినా, ఆ తర్వాత స్క్రీన్ మీద చూసే తీరు మారిపోతుంది.

కనీసం ఇరవై నిమిషాలు కేటాయించండి. మొదటి ఐదు నిమిషాలు దాటాక బోర్ కొడుతుంది, అది మామూలే. చూడటం అసలు మొదలయ్యేది అక్కడి నుంచే. కాగితం, పెన్సిల్ దగ్గర ఉంచుకోండి. మ్యూజియంలో అయితే పెన్సిలే వాడండి, పెన్నుల్ని చాలాచోట్ల ఒప్పుకోరు. ఆడియో గైడ్ చెవిలో పెట్టుకోవద్దు. వాటి మీద నాకు కోపమేమీ లేదు గానీ, మీ కన్ను ఎక్కడికి పోవాలో మీకంటే ముందే అవి చెప్పేస్తాయి.

రెండో మెట్టు: కన్ను పోయే దారి

దూరంగా నిలబడి బొమ్మంతా ఒకేసారి కనబడేలా చూడండి. కళ్లు మూసుకుని తెరవండి. మొదట ఏది కనబడింది? రెండోది ఏది? మూడోది? రాసుకోండి.

చాలామందికి పులి కళ్లూ, పళ్లూ మొదట తగులుతాయి. ఇందులో వింత లేదు. ఎవరి ముఖం కనబడినా ముందు అక్కడికే పోవడం మనిషి కన్నుకు అలవాటు. అసలు విషయం రెండో, మూడో చోట్లలో ఉంది. ముఖం నుంచి చారల వీపు మీదుగా తోకవైపు పోయారా? లేక పైన ఆకాశంలోని మెరుపుకు ఎగిరారా? పచ్చటి ఆకుల మధ్య అక్కడక్కడ ఉన్న ఎర్రటి ఆకుల దగ్గర ఆగారా?

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. చేత్తో పులిని పూర్తిగా కప్పేయండి. స్క్రీన్ అయితే కాగితం ముక్క అడ్డం పెట్టండి. మిగిలినదాన్ని ఒక నిమిషం చూడండి. పులి లేకపోయినా అక్కడ ఏదో జరుగుతూనే ఉంటుంది. అడవంతా ఊగిపోతూ ఉంటుంది. ఇప్పుడు దీన్ని తిప్పి చేయండి: పులి మాత్రమే కనబడేలా చుట్టూ కప్పండి. గాలివాన లేని ఆ పులి ఎలా ఉంది? భయపడుతోందా, భయపెడుతోందా? నా లెక్కలో ఈ పరీక్ష ఒక్కటే సగం పని చేసిపెడుతుంది. జంతువు ముఖంలో ఉందని మనం అనుకునే భావంలో ఎంత భాగం దాని చుట్టూ ఉన్న వాతావరణం నుంచి వచ్చి చేరిందో అప్పుడు తేలుతుంది.

మూడో మెట్టు: గాలి ఎటు నుంచి?

ఇక అసలు ప్రశ్న. గాలిని నేరుగా గీయడం కుదరదు. అది తాకిన వస్తువుల్ని గీయాలి. కాబట్టి బొమ్మలో గాలికి కదిలే ప్రతిదాన్నీ ఒక సాక్షిలా పిలిచి విడివిడిగా అడగండి.

చెట్ల కొమ్మలు ఎటు వంగాయి? పెద్ద మాను కూడా వంగిందా, లేక కొమ్మలేనా? ముందువైపు పొడవాటి గడ్డి పోచలు ఎటు వాలాయి? వాన గీతలు పైనుంచి కిందికి దిగుతూ ఎడమకు జరుగుతున్నాయా, కుడికి జరుగుతున్నాయా? పులి మీసాలు, వెంట్రుకలు? ఒక్కోదానికి కాగితం మీద ఒక బాణం గుర్తు వేసుకోండి.

అప్పుడు బాణాలన్నీ పోల్చి చూడండి. నిజమైన ఈదురుగాలిలో వాన ఎటు వాలితే ఆకులూ దాదాపు అటే వాలతాయి. బొమ్మలో అన్ని బాణాలూ ఒకవైపే ఉంటే చిత్రకారుడు గాలిని ఒక బలంగా ఊహించి, దాని దెబ్బ అన్నింటి మీదా పడేలా చూశాడని అర్థం. బాణాలు కొట్లాడుకుంటుంటే రెండు కారణాలు ఉండొచ్చు: ఒక్కో మొక్కనూ విడిగా వేసుకుంటూ పోయాడు, లేదా గందరగోళమే ఆయనకు కావాలి. రూసో బొమ్మలో మీ బాణాలు ఎంతవరకు కలుస్తాయో నేను చెప్పను, గీసి చూసుకోండి. ముఖ్యంగా ఒకటి గమనించండి: ఆకులన్నీ అంత ఊగిపోతుంటే ఒక్కో ఆకు అంచు మాత్రం ఎంత స్పష్టంగా, కత్తిరించినంత పదునుగా ఉందో. వేగంగా కదిలే వస్తువు కంటికి మసకగా కనబడాలి. ఇక్కడ కదలిక ఉంది, మసక లేదు. కలలో లాంటి బిగుసుకుపోయిన కదలిక ఈ బొమ్మకు ఇక్కడి నుంచే వస్తోంది.

తర్వాత మెరుపు. ఆకాశంలో మెరుపు గీతలు ఉన్నాయి. నిజంగా మెరుపు మెరిస్తే ఒక్క క్షణం అన్నింటికీ ఒక పక్క తెల్లటి వెలుగు, ఇంకో పక్క నల్లటి నీడ పడాలి. పులి మీద అలాంటి వెలుగు ఉందా? దాని కింద నేల మీద నీడ పడిందా? వెతకండి. వెలుగు ఎక్కడి నుంచీ వస్తున్నట్టు ఉండదు, అన్నింటి మీదా సమానంగా పరుచుకుని ఉంటుంది. మెరుపు ఆకాశంలో ఉంది గానీ అడవిని వెలిగించడం లేదు.

ఇంకొక్కటి: పులి తడిసిందా? ఇంత జడివానలో బొచ్చు ఒంటికి అతుక్కుపోవాలి. చూసి రాసుకోండి.

నాలుగో మెట్టు: వానను ఎలా కట్టాడు?

ఇప్పుడు దగ్గరికి వెళ్లండి. స్క్రీన్ మీద అయితే పూర్తిగా జూమ్ చేయండి.

వాన వేయడం చిత్రకారులకు పెద్ద తలనొప్పి. నీటికి రంగు లేదు, చినుకు నిలవదు. ఎక్కువమంది యూరప్ చిత్రకారులు వానను దూరం నుంచి, బూడిదరంగు తెరలా వేసి తప్పించుకున్నారు. రూసో అలా చేయలేదు. వెండి, బూడిద కలిసిన పల్చటి రంగును సన్నటి చారలుగా కాన్వాస్ మీద ఏటవాలుగా లాగాడు. కింద వేసిన ఆకులూ పులీ ఆ చారల్లోంచి కనబడుతూనే ఉంటాయి. అంటే బొమ్మంతా అయ్యాక దాని మీద వాన కురిపించాడన్నమాట.

ఒక్క చారను పట్టుకుని పై నుంచి కింది దాకా కంటితో వెంబడించండి. ఎక్కడ తెగింది? ముదురు ఆకు మీద ఎలా ఉంది, లేత ఆకు మీద ఎలా ఉంది? పులి ఒంటి మీదకు వచ్చేసరికి ఏమైంది? నల్లటి వాటి మీద మెరిసి, లేత వాటి మీద దాదాపు మాయమవడం కనబడుతుంది. అసలు బొమ్మ ముందు నిలబడితే ఒకేచోట ఉండిపోకుండా రెండడుగులు పక్కకు జరిగి, దీపాల వెలుగు కాన్వాస్ మీద ఏటవాలుగా పడే కోణం కోసం చూడండి. పల్చటి రంగు పొరలు అలాంటప్పుడే బాగా పట్టుబడతాయి.

ఈ గీతల వాన విలువ తెలియాలంటే పక్కన ఇంకో బొమ్మ పెట్టుకోవాలి. జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో చేసిన చెక్కముద్ర (చెక్క మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు వేసేది) ఒకటుంది. షిన్-ఓహాషి వంతెన మీద హఠాత్తుగా కురిసిన వాన. అందులో వానంటే సన్నటి ముదురు గీతలే, అవీ కాస్త తేడా ఉన్న కోణాల్లో ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ గీతల్ని చెక్క మీద చెక్కాలి, మధ్యలో కత్తి జారితే అంతే సంగతులు. దాన్ని చూసి ముచ్చటపడి వాన్ గోహ్ 1887లో నూనె రంగుల్లో కాపీ వేశాడు, అది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది. మూడింటినీ పక్కపక్కన తెరిచి వానను మాత్రమే చూడండి. హిరోషిగే వాన కళ్లకు అడ్డం పడుతుంది. వాన్ గోహ్ వాన కుంచె దెబ్బల్లో కలిసిపోతుంది. రూసో వాన గాజులా అడవి మీద పరుచుకుంటుంది. నా ఓటు హిరోషిగేకే, కానీ వానలో ఉన్న జంతువును దాచకుండా చూపించాలంటే రూసో పద్ధతే సరైంది.

ఐదో మెట్టు: ఆకుల మధ్య నడక

ఇక్కడ ఎక్కువసేపు అక్కర్లేదు, ఒక పద్ధతిలో చూస్తే చాలు. పచ్చ రంగులో ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టండి: పసుపు పచ్చ, నీలం కలిసిన పచ్చ, బూడిద పచ్చ, నల్లగా అయిపోయే పచ్చ. లెక్క తేలదు, తేలాల్సిన పనీ లేదు. ఏ పచ్చ ముందుకొస్తోంది, ఏది వెనక్కి పోతోంది అని చూడండి. లోతు ఎలా వచ్చిందో అర్థమవుతుంది. దూరమయ్యేకొద్దీ చిన్నవవడం, మసకబారడం వంటి లెక్కలేవీ ఇక్కడ పెద్దగా లేవు. నాటకం స్టేజీ మీద ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన అట్టల్లా ఆకుల వరసలున్నాయి. పులి రెండు వరసల మధ్య ఇరుక్కుని ఉంది.

ఆకుల సైజు కూడా చూడండి. కొన్ని మొక్కలు కుండీల్లో పెంచుకునే రకాల్ని పదింతలు చేసినట్టు ఉంటాయి. ఈ అనుమానాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఆరో మెట్టు: ఇక పులి, కానీ తోక నుంచి

జంతువు దగ్గరికి ఇంత ఆలస్యంగా రావడం కావాలని చేసిందే. ముందే వస్తే ముఖం దగ్గరే ఆగిపోతాం. ఇప్పుడు కూడా ముఖం నుంచి మొదలుపెట్టొద్దు. తోక కొస నుంచి బయల్దేరండి.

తోక, నడుము, వీపు, మెడ, తల. ఈ గీతను గాల్లో వేలితో గీయండి. ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ కుంగింది? బరువంతా ముందుకాళ్ల మీద ఉందా, వెనకకాళ్ల మీద ఉందా? దూకబోయే పిల్లిజాతి జంతువు వెనకకాళ్లను ఒంటి కిందికి ముడుచుకుంటుంది, దూకడానికి బలం అక్కడి నుంచే రావాలి. ఇక్కడ ఆ బలం కనబడుతోందా? నాకైతే ఈ పులి వెనక భాగం ముందు భాగమంత నమ్మకంగా అనిపించదు. మీకు అనిపించవచ్చు, కాళ్లను చూసి తేల్చుకోండి.

పాదాల కోసం వెతకండి. గడ్డీ ఆకులూ అడ్డం వస్తాయి. పులి దేని మీద నిలబడింది? నేల ఎక్కడుంది? ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పడం కష్టం. జంతువుల పాదాలు వేయడం కష్టమని తెలిసిన చిత్రకారులు గడ్డిని అడ్డం పెట్టుకోవడం పాత ఉపాయమే. కానీ ఇక్కడ దానివల్ల మంచే జరిగింది. కాళ్ల కింద నేల లేని పులి ఆ కుదుపులో భాగమైపోయింది.

చారలు చూడండి. నిజం పులుల్లో ఏ రెండింటి చారలూ ఒకేలా ఉండవు. అడవిలో గడ్డి నీడల్లో కలిసిపోవడానికి అవి పనికొస్తాయి. ఈ బొమ్మలో ఆ పని ఎలా జరిగిందో చూడండి: పొడవాటి గడ్డి పోచల వంపులూ, పులి ఒంటి మీది నల్ల చారలూ, పైనుంచి పడే వాన చారలూ. మూడు రకాల గీతలు ఒకేచోట కలిశాయి. కొన్ని సెంటీమీటర్ల మేర జూమ్ చేసి చూస్తే ఏది పోచ, ఏది చార అని ఒక్క క్షణం తికమక పడతాం. నాకు ఈ బొమ్మ మొత్తంలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే.

ఇప్పుడు ముఖం. మూడు వాటిని విడివిడిగా చూడండి: చెవులు, నోరు, కళ్లు.

మాటు వేసిన పులి నిశ్శబ్దంగా ఉంటుంది. తల భుజాల ఎత్తుకు దించి, చెవులు ముందుకు పెట్టి, నోరు మూసుకుని కదులుతుంది. వేటకు పొంచి ఉన్నప్పుడు పళ్లు చూపించి అది బాగుపడేదేమీ లేదు. పళ్లు బయటపెట్టి, చెవులు వెనక్కి అణచడం బెదిరింపుకో, భయానికో గుర్తు: "దగ్గరికి రావద్దు" అని. కళ్ల విషయంలో ఒక చిన్న సంగతి. ఇంట్లో తిరిగే పిల్లి కంటిపాప వెలుగులో నిలువు గీతలా సన్నబడుతుంది. పులి కంటిపాప గుండ్రంగానే ఉంటుంది.

ఇది మనసులో పెట్టుకుని రూసో పులి ముఖం చూడండి. పళ్లు బయటే ఉన్నాయి. కళ్లు పెద్దవి చేసి, ఉలిక్కిపడ్డట్టు ఉన్నాయి. ఇది వేటాడే ముఖమా, ఉరుముకు బెదిరిన ముఖమా? జంతువుల ప్రవర్తన తెలిసినవాళ్లు రెండోదే అంటారు. కానీ తొందరపడి తీర్పు ఇవ్వకండి. చిత్రకారుడు పులిని ఎక్కడ చూసి ఉంటాడు? మ్యూజియాల్లో గడ్డి కూరి నిలబెట్టిన పులులను నోరు తెరిచి, కోరలు కనబడేలా తయారుచేయడం రివాజు, చూసేవాళ్లు భయపడాలని. అలాంటిదాన్ని చూసి వేసి ఉంటే, ఆ పళ్లు పులి మనసులోని భయానికి కాక, చిత్రకారుడు నిలబడి చూసిన చోటుకు సాక్ష్యం.

ఏ జంతువు బొమ్మ చూసినా ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేయొద్దు. జంతువు ఏం చేస్తోంది అనేది ఒకటి. దాన్ని వేసినవాడికి ఆ జంతువు ఏ రూపంలో దొరికింది అనేది ఇంకొకటి.

ఏడో మెట్టు: చట్రం బయట ఏముంది?

పులి చూపు కుడివైపుకు ఉంది. ఆ చూపును గీతలా పొడిగించండి. కాన్వాస్ అంచు వస్తుంది, బొమ్మ అయిపోతుంది. పులి చూస్తున్నదేదో బొమ్మలో లేదు.

1891లో ఈ బొమ్మను ప్రదర్శనలో పెట్టినప్పుడు దాని పేరు ఎవరో ఉలిక్కిపడ్డారని మాత్రమే చెప్పింది, ఎవరో చెప్పలేదు. పులి ఉలిక్కిపడిందా, పులిని చూసి ఇంకెవరైనా ఉలిక్కిపడబోతున్నారా? తర్వాతి రోజుల్లో రూసో ఆ పులి కొందరు అన్వేషకుల మీదకు దూకబోతోందని చెప్పాడు. అయితే అది బొమ్మ బయట చెప్పిన మాట, బొమ్మలో వేసింది కాదు. నేనైతే ఆ మాటను పట్టించుకుంటాను గానీ తుది తీర్పుగా తీసుకోను. ఆరో మెట్టులో మీరు రాసుకున్నవి చూసుకుని మీరే తేల్చండి.

ఈ ఉపాయాన్ని ఇంకా దూరం తీసుకెళ్లిన బొమ్మ ఒకటుంది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1849లో, అంటే చనిపోయిన ఏడాదే, వానలో పులిని వేశాడు. టోక్యోలోని ఓటా స్మారక మ్యూజియంలో ఉంది. ఆ పులి ఒళ్లు తిప్పి, తల పైకెత్తి దేన్నో గుర్రుగా చూస్తుంటుంది. దాన్ని ఒక్కదాన్నే చూస్తే వానను చూస్తోందేమో అనుకుంటాం. దానికి జోడీ బొమ్మ పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉంది. అందులో మబ్బుల మధ్య ఒక డ్రాగన్ ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన వేలాడదీస్తే పులీ డ్రాగనూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. పులి చూపుకు జవాబు వేరే దేశంలో, వేరే గోడ మీద ఉందన్నమాట.

హొకుసాయ్ పులిని ఆరో మెట్టు పద్ధతిలో చూడండి. వీపు ఎముకలు లేనట్టు మెలికలు తిరుగుతుంది. జపాన్ అడవుల్లో పులులు లేవు. అక్కడి చిత్రకారులు బయటి నుంచి వచ్చిన పులితోళ్లనూ, చైనా బొమ్మలనూ, ఇళ్లలో పిల్లులనూ చూసి పులుల్ని ఊహించుకున్నారు.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు చిత్రకారుడి వివరాలు

ఆన్రీ రూసో 1844లో ఫ్రాన్స్‌లోని లవాల్‌లో పుట్టాడు, 1910లో పారిస్‌లో చనిపోయాడు. పారిస్‌లోకి వచ్చే సరుకుల మీద సుంకం వసూలు చేసే ఆఫీసులో చిన్న ఉద్యోగి. బొమ్మలు వేయడం ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్చుకోలేదు. 1893లో ఉద్యోగం వదిలేశాడు, అంటే ఈ పులిని వేసేనాటికి ఇంకా డ్యూటీకి వెళుతూనే ఉన్నాడు. 1884లో మొదలైన ఇండిపెండెంట్ల ప్రదర్శనలో 1886 నుంచి తన బొమ్మలు పెట్టేవాడు. అక్కడ జడ్జీలు ఉండరు, బొమ్మను తిరస్కరించే వాళ్లుండరు. ఈ పులి అక్కడే జనం ముందుకు వచ్చింది.

ఆయన మెక్సికోలో సైనికుడిగా పనిచేసి అడవులు చూశాడని ఒక కథ ప్రచారంలో ఉండేది, ఆయనా దాన్ని కాదనలేదు. నిజానికి ఫ్రాన్స్ దాటి వెళ్లలేదు. పారిస్‌లోని జార్దాఁ దె ప్లాంత్ అనే తోటలో గాజు ఇళ్లలో పెంచే ఉష్ణదేశాల మొక్కల్నీ, అక్కడి జంతువుల్నీ, మ్యూజియంలో నిలబెట్టినవాటినీ చూశాడు. అంతకుముందు ఫ్రెంచ్ చిత్రకారుడు డెలాక్రా వేసిన పులుల ప్రభావం కూడా ఈ పులి మీద ఉందని పరిశోధకులు అంటారు.

ఇప్పుడు మీ కాగితం చూడండి. కుండీ మొక్కల్ని పెంచినట్టున్న ఆకులు, నేల తగలని పాదాలు, మెరుపుకు పడని నీడ, వేటకు పనికిరాని పళ్లు. ఇవన్నీ మీరు ముందే పట్టుకున్నారు, జీవిత చరిత్ర వాటికి కారణం చూపించింది. వరస తిరగేసి, ముందు జీవిత చరిత్ర చదివి ఉంటే "పాపం, చదువుకోని చిత్రకారుడు, తప్పులు వేశాడు" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టేవాళ్లం. 1891లో చాలామంది అలాగే నవ్వారు. స్విస్ చిత్రకారుడు ఫెలిక్స్ వల్లటాన్ మాత్రం ఆ ఏడాదే ఒక పత్రికలో రాస్తూ, వేటను పట్టబోతున్న ఈ పులిని చూడకుండా వదలొద్దని, చిత్రకళకు ఆదీ అంతమూ ఇదేనని మెచ్చుకున్నాడు. పక్కన వేలాడే బొమ్మల్ని ఇది నలిపేస్తుందని కూడా అన్నాడు. అది పొగడ్తే అయినా, ఇరుగుపొరుగు చిత్రకారుల బాధ కూడా అందులో వినబడుతుంది.

ఆ తర్వాత పదేళ్లకు పైగా రూసో అడవి జోలికి పోలేదు. మళ్లీ మొదలుపెట్టాక మాత్రం చనిపోయే దాకా వేస్తూనే ఉన్నాడు. ఆ తర్వాతి అడవులు ఎక్కువగా నిశ్చలంగా ఉంటాయి, ఆకు కూడా కదలదు. గాలివాన ఇందులోనే ఉంది.

తొమ్మిదో మెట్టు: రాయడం

చూసింది రాయకపోతే మర్నాటికి సగం పోతుంది. పెద్ద వ్యాసం అక్కర్లేదు. ఒక నియమం పెట్టుకోండి: మొదటి పది వాక్యాల్లో "భయంకరమైన", "అద్భుతమైన", "అందమైన" లాంటి మాటలు రాకూడదు. చూడని మనిషికి ఫోన్‌లో చెబుతున్నట్టు ఏది ఎక్కడుందో, ఏ రంగులో ఉందో, ఎటు తిరిగి ఉందో అంతే రాయండి. ఇంకో పది వాక్యాలు "నాకు అనిపించింది" అని మొదలయ్యేవి రాయండి. వాటిలో ప్రతిదాని పక్కన, మొదటి పది వాక్యాల్లో ఏది దానికి ఆధారమో ఆ నంబర్ వేయండి. నంబర్ దొరకని వాక్యం ఉంటే బొమ్మ దగ్గరికి తిరిగి వెళ్లండి. ఆధారం దొరికితే రాసుకోండి, దొరక్కపోతే కొట్టేయండి.

చేతనైతే ఒక గీత బొమ్మ కూడా వేయండి. బాగా రావాల్సిన పని లేదు. తోక నుంచి తల దాకా ఒక గీత, వానకు నాలుగు గీతలు, చెట్లకు మూడు. పులి వెనకకాలు ఎక్కడ పెట్టాలో తెలియక పెన్సిల్ ఆగిపోయిందంటే, ఆ చోటును మీరు ఇంకా సరిగా చూడలేదన్నమాట.

తర్వాత ఏ బొమ్మ?

రెండో బొమ్మగా డెలాక్రా 1820లలో వేసిన గుర్రం తీసుకోండి. నీటిరంగుల బొమ్మ, బుడాపెస్ట్ లలితకళల మ్యూజియంలో ఉంది. మెరుపుకు బెదిరి పైకి లేచిన గుర్రం. అడవి జంతువు కాదు గానీ పోల్చడానికి ఇంతకంటే మంచిది దొరకదు. డెలాక్రా శిక్షణ ఉన్నవాడు, గుర్రాలను దగ్గరగా చూసినవాడు. అవే మెట్లు, అదే వరస: కన్ను పోయే దారి, గాలి, వెలుగు, ఆ తర్వాత తోక నుంచి తల దాకా జంతువు. జూలు ఎటు ఎగిరిందో దానికి బాణం వేయండి, మబ్బుల కదలికకు ఇంకో బాణం. మెరుపు వెలుగు గుర్రం ఒంటి మీద ఎక్కడ పడిందో చూసి, రూసో పులి గురించి రాసుకున్న కాగితాన్ని దాని పక్కన పెట్టుకోండి.